గీత దాకా నీళ్లు

పొద్దున్నే కాఫీ గ్లాసుతో ముందుగదిలోకి వచ్చిన అత్తగారికి కోడలి పాదాలు మాత్రమే కనిపించాయి. మిగతా మనిషంతా కొత్త చెక్క స్టాండు కింద ఉంది.

"అమ్మాయ్, కాఫీ చల్లారిపోతోంది."

"ఒక్క నిమిషం అత్తయ్యా. ఈ మూల కాస్త పల్లంగా ఉంది. సరిచేయకపోతే నీళ్లు నింపాక బరువంతా ఒకవైపే పడి అద్దం పగులుతుంది."

లిఫ్టులు బిగించే ఉద్యోగం కోడలిది. మట్టం చూడనిదే ఏ వస్తువునూ నమ్మదు. కాపురానికొచ్చిన మొదటివారమే భోజనాల బల్ల ఊగుతోందని దాని కాలు కోసింది. అప్పుడు అత్తగారు నొచ్చుకుంది కానీ, ఆ బల్ల మళ్లీ ఊగితే ఒట్టు.

ఇప్పుడీ హడావిడంతా మావగారి కోసం. వీధంతా 'కెప్టెన్' అని పిలిచే ఆయన నిజానికి ఓడల్లో ఇంజను మెకానిక్కు. ఊపిరితిత్తుల జబ్బు చేసి ఆస్పత్రి నుంచి వచ్చాక ముందుగదిలో కుర్చీకి అతుక్కుపోయారు. స్నానానికి లేవాలన్నా ఇద్దరు చెరో రెక్కా పట్టుకోవాలి. నడవకపోతే కాళ్లు పూర్తిగా పడిపోతాయని డాక్టరు తెగేసి చెప్పాడు. ఇంట్లోవాళ్లు బతిమాలారు, కోప్పడ్డారు, ఏడ్చారు. ఆయన మాత్రం గోడకేసి చూస్తూ కూర్చున్నారు.

"చూసేది గోడనే అయితే, ఆ గోడ దగ్గర అద్దాల తొట్టిలో సముద్రం పెడదాం" అంది కోడలు.

లెక్కల మాస్టారైన కొడుక్కి ఇది నచ్చలేదు. "అన్నీ కలిపి ఒకే సెట్టుగా అమ్ముతున్నారుగా. తెచ్చి తగిలిస్తే పోయేదానికి, ఇన్ని షాపులు తిరగడమెందుకు?"

"అందులో ఒకటి చెడితే అన్నీ విప్పాలి. విడివిడిగా కొంటే చెడినదొక్కటే మార్చుకోవచ్చు."

పంపు కొనేటప్పుడు షాపులోనే చెవి ఆనించి విని, రొద లేనిదే తెచ్చింది. నీళ్లు వెచ్చగా ఉంచడానికి ఒక పెద్ద హీటరు బదులు రెండు చిన్నవి పెట్టింది. పెద్దది ఆగకుండా పనిచేస్తే లోపలున్నవన్నీ ఉడికిపోతాయట. చిన్నవాటితో ఆ భయం తక్కువట, పైగా ఒకటి మొరాయించినా రెండోది కాపాడుతుందట. మురికిని నురుగులా పైకి తెచ్చి గిన్నెలో పడేసే స్కిమ్మరును చూసి అత్తగారు బుగ్గన చెయ్యి పెట్టుకుంది. ఈ పిల్లకి ఇంత ఓపిక ఎక్కడిదా అని ఆవిడ మురిసిపోయింది. పైకి మాత్రం అనలేదు.

తర్వాత వారాల తరబడి తొట్టిలో రాళ్లే ఉన్నాయి. పక్కింటావిడ "రాళ్లు పెంచుతున్నారా?" అని వెటకారమాడింది. నీళ్లు కుదురుకోనిదే ప్రాణిని వేయనని కోడలు భీష్మించుకుంది. చివరికి ప్రాణమున్న పగడాలు వచ్చాయి. వాటి నోళ్లు ఒక్కొక్కటే విచ్చుకుని నీలికాంతిలో ఊగుతుంటే ఇంటిల్లిపాదీ పని మానేసి చూశారు.

"అల బాగా కుదిరింది" అన్నారు కెప్టెన్. చాలాకాలానికి ఆయన నోటి నుంచి వచ్చిన మాట అది.

అంతలో కోడలికి వేరే ఊళ్లో వారం రోజుల పని పడింది. బయల్దేరేముందు అత్తగారిని వెనక వరండాలోకి తీసుకెళ్లింది. వంటగది దాటి, నడవా చివర మెట్లు దిగితే ఆ వరండా. అక్కడ రెండు డ్రమ్ములున్నాయి.

మళ్లీ ముందుగదిలోకి వచ్చి తొట్టి చూపించింది. "అద్దం మీద గీత గీశాను అత్తయ్యా. నీళ్లు తగ్గితే తెల్ల డ్రమ్ములోని మంచినీళ్లు గీత దాకా పోయండి. నీలం డ్రమ్ములోది ఉప్పునీరు, దాన్ని ముట్టుకోకండి."

అత్తగారు రోజూ డాబా మీది మొక్కలకు నీళ్లు పోసి వచ్చి గీత చూసేది. నీళ్లు సరిగ్గా గీత దగ్గరే ఉండేవి. ఫోనులో కోడలు అడిగితే "గీత దగ్గరే ఉన్నాయమ్మా" అని గర్వంగా చెప్పేది.

వారం తర్వాత కోడలు చెప్పులైనా విప్పకుండా తొట్టి ముందు నిలబడిపోయింది. పగడాలన్నీ ముడుచుకుపోయి ఉన్నాయి. ఉప్పు కొలిచే సాధనంలో చుక్క వేసి చూసింది. ముఖం పాలిపోయింది.

"ఉప్పు బాగా పెరిగిపోయింది."

"చెబితే విన్నావా?" కొడుకు అందుకున్నాడు. "ఆ సెట్టే కొనుంటే ఈ గోలుండేది కాదు. అమ్మేద్దాం దీన్ని. అమ్మా, నువ్వేమైనా ఉప్పునీళ్లు పోశావా?"

"నేను చుక్క పోస్తే ఒట్టు! తగ్గితేగా పోయడానికి?" అత్తగారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. "పిల్ల ప్రాణం పెట్టి చేసింది. నేనెందుకు పాడుచేస్తాన్రా?"

"తగ్గలేదా?" కోడలు చటుక్కున తిరిగింది. "అలా ఎలా కుదురుతుంది అత్తయ్యా? నీళ్లు ఆవిరవుతాయిగా. రోజూ ఎవరో పోస్తేనే..."

"నేనే పోశాను."

కుర్చీలోంచి వచ్చిందా గొంతు.

"సముద్రంలో మంచినీళ్లెవరైనా పోస్తారా, అమ్మాయి తడబడి తెల్ల డ్రమ్ము అనుంటుందనుకున్నాను. నీలందాంట్లోంచి తెచ్చాను. ఓడలో ఉప్పునీళ్లు మరిగించి మంచినీళ్లు తీసినవాణ్ని, ఉప్పు వెనకే మిగిలిపోతుందన్న ముక్క తట్టలేదు చూడు. నీ కష్టమంతా పాడుచేశానమ్మా."

పగడాల సంగతి అందరూ మర్చిపోయారు. అత్తగారి చూపు కుర్చీ నుంచి వంటగది మీదుగా, నడవా చివరి మెట్ల దాకా వెళ్లి ఆగింది.

"వరండాలోకి ఎలా వెళ్లారు?" అడిగింది ఆవిడ.

"గోడ పట్టుకుని. నువ్వు డాబా మీదున్నప్పుడు."

"మాతో చెప్పకూడదూ?"

"చెబితే రెక్క పట్టుకుంటారుగా."

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. కొడుకు తల తిప్పుకున్నాడు. కోడలు కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుని మావగారి చేతులు పట్టుకుంది. "ఉప్పు తగ్గించడం నాకొచ్చు మావయ్యా. నెమ్మదిగా చేస్తే తేరుకుంటాయి. గీత దాకా పోసే పని ఇక మీదే. తెల్ల డ్రమ్ము, గుర్తుంటుందా?"

"ఉంటుంది" అన్నారాయన.

కోడలన్నట్టే పగడాలు నెమ్మదిగా తేరుకుని విచ్చుకున్నాయి. ఒక ఉదయం కెప్టెన్ ఖాళీ జగ్గుతో గోడ పట్టుకుని నడవాలో వెళుతుంటే, తండ్రి అవస్థ చూడలేక కొడుకు గుసగుసగా అన్నాడు.

"ఆ తెల్ల డ్రమ్ము తెచ్చి తొట్టి పక్కనే పెట్టేస్తాను."

పట్టుకోబోయిన చేతుల్ని కొంగులో దాచుకుని నిలబడ్డ అత్తగారు కొడుకు వంక గుడ్లురిమి చూసింది.

"దాని జోలికెళ్లావంటే ఊరుకోను" అంది. తర్వాత కళ్లు తుడుచుకుంటూ కోడలి వైపు తిరిగింది. "అమ్మాయ్, పెరట్లో ఆ చివర కాస్త చోటుంది. వచ్చే నెల ఆ డ్రమ్మును అక్కడికి జరుపుదామా?"