ఏడుసార్లు వచ్చిన నంబరు

ఆ రోజు పొద్దున ఇంట్లో ఐదుగురున్నారు. వరండాలో మంచం మీద కూర్చుని, నుదుటి మీదే ఉన్న కళ్లజోడు కోసం దిండు కింద వెతుకుతున్న నానమ్మ. బొటనవేలికి గుడ్డ చుట్టుకుని, రెక్సిన్ ముక్కల్ని రంగుల వారీగా దొంతులు పెడుతున్న నాన్న. పొయ్యి దగ్గర టీ వడగడుతూ అందరి మీదా ఒక కన్నేసి ఉంచిన అమ్మ. అద్దం ముందు నిలబడి మూడోసారి జడ విప్పి అల్లుకుంటున్న అక్క. తలుపు చాటున చిన్నది.

ఆ ఇంట్లో ఇంకొకటి కూడా ఉంది. చిన్నది చెప్పిన అబద్ధం. దానికి నలభై ఒక్క రోజులు. ఐదుగురితో పాటే పడుకుంటోంది, లేస్తోంది, తిరుగుతోంది. కనిపించేది మాత్రం చిన్నదాని ఒక్కదానికే.

"అద్దం అరిగిపోతుందే," అంది నానమ్మ. "నువ్వు వెళ్లేది కుర్చీల పనికి, పెళ్లిచూపులకి కాదు."

"పెళ్లిచూపులైతే ఇంత భయం ఉండదు నానమ్మా. నచ్చకపోతే వాళ్లు పోతారు. ఇది పోతే మనం పోతాం."

అక్క నవ్వుతూనే అంది గానీ ఎవరూ నవ్వలేదు. కొత్తగా కట్టిన ఆసుపత్రిలో రోగులు కూర్చునే హాలుకి రెండు వందల నలభై కుర్చీలు. అన్నింటికీ మెత్తలు నింపి, రెక్సిన్ కుట్టాలి. ఆ పని వస్తే నాన్న సోఫాల షాపు నిలబడుతుంది. రాకపోతే నెలాఖరుకి షాపు తాళం అద్దెకిచ్చినాయనకి అప్పగించేయాలి. అక్క పొరుగూరి బట్టల ఫ్యాక్టరీలో చేరిపోవాలి. రమ్మంటూ వాళ్లు పంపిన కాగితం ఇప్పటికే అలమరలో, బట్టల కింద ఉంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. అమ్మ మాత్రం బట్టలు సర్దేటప్పుడు ఆ అర జోలికి పోదు.

"కాగితాలన్నీ పెట్టుకున్నావా?" అడిగాడు నాన్న.

"అన్నీ ఉన్నాయి. ఆసుపత్రి వాళ్లు తప్పనిసరి అన్న పన్ను రిటర్ను రసీదు ఒక్కటే చిన్నదాని దగ్గర ఉంది. ఏమే నత్తా, గుల్లలోంచి బయటికి రా. ప్రింటు తీయించావా?"

నత్త అన్న పేరు నానమ్మ పెట్టింది. ఎవరైనా కొత్తవాళ్లు గుమ్మంలోకి వస్తే చాలు, కొమ్ములు లోపలికి లాక్కున్నట్టు ముడుచుకుపోతుందని. దారిలో నడిస్తే తన కాళ్ల వేళ్లు తప్ప ఇంకేమీ చూడదు. కానీ ఇంట్లో నాలుగు ముక్కలు చదువుకున్నది అదే. అందుకే ఏడాదిగా రెక్సిన్ చుట్టల వెనక పడి ఉన్న పన్ను వాళ్ల ఉత్తరాలు బయటపడినప్పుడు, "నువ్వే చూడమ్మా" అని నాన్న ఆ దొంతర తెచ్చి దాని ఒళ్లో పెట్టాడు. 

చిన్నది పుస్తకంలోంచి కాగితం తీసి అక్క చేతికిచ్చింది. అక్క మడత విప్పకుండానే సంచిలో పెట్టుకుంది. చెల్లెలి మీద అంత నమ్మకం.

"దీని పుణ్యమా అని బయటపడ్డాం," అన్నాడు నాన్న. "ఆలస్యమైతే అయింది, జరిమానాతో సహా కట్టేసింది. మాట్లాడదు గానీ పని చేస్తుంది నా తల్లి."

ఆ మాటకి చిన్నది మళ్లీ తలుపు చాటుకి పోయింది.

ఇంతకు ముందు ఆ రిటర్ను పని బాబాయిది. షాపు అన్నదమ్ములిద్దరిదీ. నాన్నది చెయ్యి, బాబాయిది రాత. ఏడాదిన్నర కిందట, బేరాలు తగ్గాయని, అన్నకి చెప్పకుండా రెండో కుట్టుమిషను అమ్మేశాడు బాబాయి. "నా గడప తొక్కితే కాళ్లు విరగ్గొడతా" అన్నాడు నాన్న. "నీ ఇంటి మనిషి వచ్చి పిలిస్తే తప్ప నేనై నేను రాను" అన్నాడు బాబాయి. ఇద్దరూ మాట మీద నిలబడే మనుషులే, అదే వచ్చిన చిక్కు. రెండు వీధుల దూరం రెండు ఊళ్ల దూరమైంది.

చిన్నది అక్క ఫోనులో రాత్రింబవళ్లు కూర్చుని లెక్కలన్నీ ఎక్కించింది. జరిమానా కట్టింది. గడువు రేపనగా పంపేసింది కూడా. అప్పుడు చివరి పేజీ వచ్చింది. 'మీ నమోదైన ఫోనుకు ఆరంకెల నంబరు పంపాం. అది ఇక్కడ రాస్తేనే రిటర్ను దాఖలైనట్టు.' నాన్న పేరు మీద నమోదైన ఫోను బాబాయిది. మార్చుకుందామన్నా ముందు ఆ ఫోనుకే నంబరు వస్తుంది.

పదిహేను నిమిషాల్లో ఆ నంబరు చెల్లకుండా పోతుంది. బాబాయి ఇంటికి ఏడు నిమిషాల నడక. చిన్నది మీట నొక్కి, ఫోను గుప్పెట్లో పట్టుకుని పరిగెత్తింది. వీధి మలుపులో కరెంటు స్తంభం దాకా వెళ్లింది. కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఏమని పిలవాలి? పిన్ని తలుపు తీస్తే ఏం చెప్పాలి? నాన్నకి తెలిస్తే? పదిహేను నిమిషాలూ ఆ స్తంభం పక్కనే గడిచిపోయాయి. అలా మూడు రోజుల్లో ఏడుసార్లు. ఏడోసారి తిరిగొచ్చాక అక్క అడిగింది, "అయిందా?" అని. చిన్నది తలూపింది. నోటితో ఏమీ అనలేదు. ఒక్క తల ఊపు, అంతే.

పదకొండున్నరకి అక్క తిరిగొచ్చింది. చెప్పులు విప్పకుండా తిన్నగా లోపలికి వచ్చినప్పుడే అమ్మకి అర్థమైంది. ఏదో జరిగింది.

"ఇలా రా," అంది అక్క. గొంతు పెద్దది చేయలేదు. "ఈ రసీదు కింద ఏం రాసుందో చదువు."

చిన్నది చదవలేదు. చదవక్కర్లేదు.

"నేను చదవనా? 'ధ్రువీకరణ జరగలేదు.' చీమ తలకాయంత అక్షరాలు. ఆసుపత్రి గుమాస్తా కళ్లజోడు సవరించుకుని మరీ చదివాడు. తన కంప్యూటర్లో చూసి, 'అమ్మా, మీ నాన్నగారు అసలు రిటర్నే వేయలేదు' అన్నాడు. నా వెనక లైన్లో ఆరుగురున్నారు. నేను ఆయనతో పోట్లాడాను! మా చెల్లెలు వేసింది, మీదే తప్పు అని పోట్లాడాను!"

"ఏమిటే ఇది?" అన్నాడు నాన్న. చేతిలో కత్తెర అలాగే ఉంది.

"నంబరు... బాబాయి ఫోనుకి వెళ్లింది," అంది చిన్నది. నేల వింటే వినాలి, అంత చిన్నగా.

"వాడి ఫోనుకా?"

"అడుగుదామనే వెళ్లాను. అడగలేకపోయాను."

"నాకు చెప్పొచ్చుగా!" అక్క గొంతు అప్పుడు పగిలింది. "నేను వెళ్లేదాన్ని. కాళ్లు పట్టుకునైనా తెచ్చేదాన్ని. నలభై రోజులు నా పక్కనే పడుకున్నావు. రెక్సిన్ ఏ రంగు బాగుంటుందని అడిగితే నీలం అన్నావు! నీలం!"

"వాడి గడప తొక్కమని ఎవరన్నారు?" అన్నాడు నాన్న.

అమ్మ గరిటె పొయ్యి గట్టు మీద పడేసింది. "ఎవరూ అనలేదు. అదే తప్పు. మీ పంతానికి భయపడి పిల్ల నోరు కుట్టేసుకుంది. సోఫాలు కుట్టారు చాలు, ఇంట్లో నోళ్లు కూడా మీరే కుట్టాలా?"

నాన్న చేతిలో కత్తెర వైపు చూసుకుని, దాన్ని కింద పెట్టాడు.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు," అంది నానమ్మ మంచం మీంచి. కళ్లజోడు దొరికింది గానీ పెట్టుకోలేదు. "నేను ఇద్దరికీ అమ్మనే. ఇద్దరూ నన్ను ఏమీ అడగరు."

అక్క గోడకి చేరబడి కూర్చుంది. ఏడుపు ఆగాక, మెల్లగా అంది, "మూడింటిదాకా చూస్తానన్నాడు ఆ గుమాస్తా. మంచివాడు. రసీదు తెస్తే తీసుకుంటాడట. ఎక్కణ్ణుంచి తెస్తాను?"

చిన్నది గూట్లో ఉన్న అక్క ఫోను తీసుకుంది. గుమ్మం దాటింది. వెనక నాన్న పిలవలేదు, ఆపలేదు. అది గమనించేంత తీరిక కూడా దానికి లేదు.

కరెంటు స్తంభం వచ్చింది. ఈసారి కాళ్లు ఆగలేదు. స్తంభం దాటాక ఆ వీధి ఎలా ఉంటుందో ఏడాదిన్నరగా చూడలేదు. బాబాయి ఇంటికి వేరే రంగు వేశారు. తలుపు మూసి ఉంది. కొట్టింది. రెండోసారి గట్టిగా కొట్టింది.

బాబాయే తీశాడు. చిక్కిపోయాడు. నాన్న ముక్కే, నాన్న చెవులే, కాస్త నెరిసిన నాన్న.

"బాబాయ్," అంది. ఆ తర్వాతి మాటలు దారంతా కూడబలుక్కున్నవి, ఒక్కసారిగా బయటికొచ్చాయి. "నీ ఫోనుకి నంబరు వస్తుంది బాబాయ్, ఆరంకెలది, ఇప్పుడే నొక్కుతాను, అది చెప్పు చాలు, అక్కకి మూడింటిలోగా కావాలి, నాన్న పంపలేదు, నేనే వచ్చాను."

 బాబాయి జేబులోంచి ఫోను తీసి, ఏదో వెతికి, తెర దాని వైపు తిప్పాడు. ఒకదాని కింద ఒకటి ఏడు నంబర్లు. వాటి కింద ఎనిమిదోది. 'ముప్ఫై రోజుల్లో ధ్రువీకరించనందున మీ రిటర్ను చెల్లదు. దాఖలు చేయనట్టే పరిగణిస్తాం.' పదకొండు రోజుల కిందటి తేదీ.

"ఇక నొక్కినా రాదమ్మా," అన్నాడు.

చిన్నది ఆ తెరనే చూస్తూ నిలబడింది. ఎంత చదివినా ఆ అక్షరాలు మారలేదు.

"మొదటిది రాగానే తెలిసింది, మీ ఇంట్లో ఎవరో రిటర్ను వేస్తున్నారని. ఇప్పుడు వస్తారు అనుకున్నాను. తలుపు తెరిచి పెట్టుకుని కూర్చున్నాను. మీ పిన్ని టీకి నీళ్లు కూడా పెట్టింది. రెండోది వచ్చింది. మూడోది. వచ్చినప్పుడల్లా తలుపు తీశాను."

"మరి నువ్వైనా..." అంది చిన్నది, నేలని చూస్తూ. "నువ్వైనా రావచ్చుగా బాబాయ్."

"వచ్చాను. ఏడోసారి ఇక పంతం పక్కన పెట్టి లేచాను. కాగితం మీద నంబరు రాసుకుని వీధి మలుపుదాకా వచ్చాను. స్తంభం పక్కన నువ్వున్నావు. పదడుగుల దూరం. నేను చెయ్యెత్తాను. నువ్వు వెనక్కి తిరిగి వెళ్లిపోయావు." ఫోను జేబులో పెట్టుకున్నాడు. "మా అన్న పిల్లలకి అంతగా నేర్పాడా అనుకున్నాను."

"నేను చూడలేదు." చిన్నది తలెత్తింది. నీళ్ల వెనక బాబాయి ముఖం చెదిరిపోతోంది. "ఒట్టు బాబాయ్. నేను... తలెత్తలేదు. నిన్ను చూడనేలేదు."

బాబాయి దాని ముఖం వైపు చాలాసేపు చూశాడు. అబద్ధమో కాదో చూస్తున్నట్టు కాదు. నలభై ఒక్క రోజులుగా తను కోపం మోసింది తలెత్తని ఒక పిల్ల మీదని ఇప్పుడే తెలిసినట్టు చూశాడు. "ఒక్క కేక వేసినా సరిపోయేదమ్మా," అన్నాడు. ఒక చేత్తో కళ్లు మూసుకున్నాడు. రెండో చెయ్యి తలుపు మీద ఉంది.

ఏడుసార్లు తెరిచి పెట్టిన ఆ తలుపును, దాని ముఖం ముందే, మెల్లగా వేసేశాడు.