బోణీ చెయ్యి

నాగేశ్ పళ్లు తోముకుంటూనే హాల్లోని అట్టపెట్టెను రెండుసార్లు చూసుకున్నాడు. పార్సిల్ ఆఫీసు నుంచి నిన్న సాయంత్రం దిగిన కొత్త సరుకులో మొదటి పీసు అది. టీవీకి తగిలించుకుని ఆడే గేమ్ పెట్టె. మిగతావన్నీ దుకాణంలో ఉన్నాయి. ఇదొక్కటే ఇంటికొచ్చింది. కొత్త సరుకు ఏది వచ్చినా మొదటిది ఇంటికి రావాలి. దేవుడి గూటి ముందు దాన్ని ఇంట్లోని మంచి చెయ్యి ముట్టాలి. దుకాణంలో బోణీ ఆ తర్వాతే.

మగ్గాల నాటి అలవాటు అది. నాగేశ్ తండ్రి గొల్లభామ చీర నేతకు కూర్చునే ముందు మొదటి నూలు కండె ఎప్పుడూ భార్య కొండవ్వ చేతే చుట్టించేవాడు. కొండవ్వ చుట్టిన నూలు తెగదని వాడకట్టంతా చెప్పుకునేది. మగ్గం పోయింది, తండ్రీ పోయాడు. మగ్గమున్న ఆ గదిలోనే నాగేశ్ టీవీలు బాగుచేశాడు, ఫోన్లు రీఛార్జి చేశాడు, ఏదీ నిలబడలేదు. తర్వాత గేమ్ పెట్టెల కాలం వచ్చింది. గజ్వేల్ నుంచీ చేర్యాల నుంచీ తండ్రులు పిల్లలను బండి మీద ఎక్కించుకుని వచ్చేవారు. దుబాయి నుంచి సెలవు మీద వచ్చినవాళ్లు అక్కడ కొనలేనిది ఇక్కడ కొన్నారు. చిన్నప్పుడు పక్కింటి కిటికీలోంచి మాత్రమే ఆ ఆట చూసిన ఉద్యోగులు ఇప్పుడు తమకోసం చేతిలో పట్టే చిన్న గేమ్ కొనుక్కుని, బిడ్డ కోసమని అబద్ధం చెప్పేవారు. దుకాణం పెద్దదైంది. మొదటి పెట్టెను ముట్టింది కొండవ్వ చెయ్యి కాబట్టే అని నాగేశ్ నమ్మాడు. అందరికీ చెప్పాడు కూడా.

పోయిన ఎండాకాలం పక్షవాతంతో ఆ చెయ్యి పడిపోయింది.

దవాఖాన నుంచి వచ్చాక ఒక్కసారి పెట్టెను ఆమె ముందు పెట్టాడు. కుడిచెయ్యి ఎత్తబోయింది. అది సగం దూరం వచ్చి, తడిగుడ్డలా పెట్టె మీద పడింది. ఆ పడిన చప్పుడు అతని చెవుల్లో ఉండిపోయింది. వారమంతా గిరాకీ లేదు. వానలు పడ్డాయి కాబట్టి లేదు. ఆ సంగతి అతనికి తెలుసు. అయినా మరుసటి సరుకు వచ్చినప్పుడు అతని కాళ్లు తల్లి గదివైపు వెళ్లలేదు, వంటగదివైపు వెళ్లాయి. అవ్వను తకలీఫ్ పెట్టడమెందుకు అని తనకు తాను చెప్పుకున్నాడు. ఆ మాట ఎంత మంచిగా ఉందంటే, దాని వెనక ఏముందో తిప్పి చూడాల్సిన అవసరం అతనికి కనపడలేదు.

"రమ్యా, రా. ముట్టు. లేటయితుంది."

రమ్య పిండి చేతులు కడుక్కుని వచ్చింది. పెట్టె ముందు నిలబడి, లోపలి గదివైపు చూసింది.

"అత్తమ్మ లేచే ఉన్నది."

"ఉండనీ. ఆరామ్ చేయనీ."

"గామెకు ఇనబడుతది."

"ఏం ఇనబడుతది? నేనేమన్నన్నా?"

"ఏమనవ్, గదే గద," అంది రమ్య. వేళ్ల కొసలతో పెట్టెను ముట్టి, దొంగతనం చేసినట్టు గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. లోపలి గదిలో కొండవ్వ దగ్గింది. ఆ దగ్గు నిజమైన దగ్గు కాదని ముగ్గురికీ తెలుసు.

అప్పుడే ఫోన్ మోగింది. దుకాణంలో పనిచేసే గజేందర్. చాలా ఏళ్లుగా ఉన్న మనిషి, తాళంచెవి అతని దగ్గరే ఉంటుంది.

"అన్నా, చేర్యాల నరహరి సార్ ఒచ్చిండు. ఆయన పిలగాని చేతి గేమ్ పోయిన నెల బ్యాటరీకని ఇచ్చిండు గద, బ్యాటరీ ఏసి సొరుగుల పెట్టిన, గది దొరుకుతలేదే. సొరుగంత ఎతికిన."

"మంచిగ చూడు."

"చూసిన అన్నా. సార్ నా మొకం దిక్కే చూస్తుండు."

నాగేశ్‌కు చిరాకు పుట్టింది. రాబోయే నెలంతా గిరాకీ, ఇవాళ బోణీ, పొద్దున్నే ఈ గొడవ. "నువ్వేమన్న ఇంటికి గిట్ల తీస్కపోయినవా గజేందర్?"

అవతల బండి హారన్ ఒకటి, తర్వాత గజేందర్ గొంతు.

"అన్నా..." అన్నాడు. అంతే.

"సరే సరే, ఒస్తున్న," అని నాగేశ్ ఫోన్ పెట్టేశాడు. ఆ ఒక్క 'అన్నా' చెవిలో ముల్లులా గుచ్చుకుంది. దాన్ని తీసేసుకోవడానికి ఎవరి మీదనైనా కోపం కావాలి.

సరిగ్గా అప్పుడు తల్లి గదిలోంచి సన్నగా ఒక పాట వినిపించింది. పాట కూడా కాదు, నాలుగు స్వరాలు. రాలే ఇటుకలు ఒక వరసలో నిండితే ఆ చేతి గేమ్ చేసే చప్పుడు. ఏ పీసు ఎలా మోగుతుందో కళ్లు మూసుకుని చెప్పగలడు నాగేశ్. కానీ ఆ చప్పుడు తన ఇంట్లో వినడం ఇదే మొదటిసారి. తన ఇంట్లో గేమ్ ఉండకూడదని కట్టడి చేసింది అతనే. పదో తరగతి చదివే కూతురు సంహిత చిన్నప్పుడు ఎంత ఏడ్చినా ఒక్కటి ఇవ్వలేదు. 'గవి గిరాకీకే, మనకు కాదు' అనేవాడు. ఊళ్లో పిల్లలందరి చేతుల్లో పెట్టినదాన్ని తన బిడ్డ చేతిలో పెట్టకపోవడంలో ఒక సిగ్గుందని అతనికి ఎప్పుడో లీలగా తోచింది. తోచినదాన్ని అక్కడే వదిలేశాడు.

తలుపు నెట్టాడు. కొండవ్వ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. పక్కన స్కూల్ డ్రెస్‌లో సంహిత. ఒక జడ వేసి ఉంది, ఇంకోటి విప్పి ఉంది. తండ్రిని చూడగానే ఏదో లాక్కుని ఒళ్లో పెట్టుకుంది. చున్నీ కింద నీలం రంగు పెట్టె, మూల మీద గీత. నరహరి సార్ కొడుకుదే.

"ఏందది?"

సంహిత చున్నీ ఇంకా కిందికి లాక్కుంది.

"ఏందని అడుగుతున్న!"

"గేమ్, బాపూ."

"ఎవల్ది?"

"దుకాన్ల సొరుగులకెళ్లి తెచ్చిన. పోయిన నెల ఐతారం ఒచ్చినప్పుడు. మల్ల పెడుదామనుకున్న."

"దొంగతనం చేసినవా? నా దుకాన్ల నువ్వే దొంగతనం చేసినవా? పరీక్షలు పెట్టుకొని, ముసలామె మంచం చాటుకు కూసోని గేమాడుతున్నవా?"

"బాపూ, నేను..."

"గాడ గజేందర్ మీద పడ్డది నీ చోరీ!"

"ఆగురా నాగేశ్," అంది కొండవ్వ. అతనికి వినపడలేదు, లేదా వినపడకూడదని నిర్ణయించుకున్నాడు. చెయ్యి లేచింది. ఆ చప్పుడుకు వంటగదిలోంచి రమ్య పరుగెత్తుకొచ్చింది. వీధి కిటికీ అవతల, ఆటో కోసం పిలవడానికి వచ్చిన సంహిత స్నేహితురాలు రుచిత గేటు పట్టుకుని నిలబడి ఉంది. తల తిప్పేసుకుంది.

సంహిత ఏడవలేదు. కిటికీవైపు చూసింది, తర్వాత నానమ్మవైపు చూసింది. ఆ చూపులో ఒక ప్రశ్న ఉంది. చెప్పనా?

కొండవ్వ కుడిచెయ్యి దుప్పటి మీంచి కదిలింది. ముందు వేళ్లు, తర్వాత మణికట్టు, తర్వాత మోచెయ్యి. బరువైన బిందెను బావిలోంచి తోడుతున్నట్టు, ఆగుతూ, వణుకుతూ లేచింది. సంహిత చెంప మీదికి వచ్చి, ఎర్రబడ్డ చోట నిలిచింది. బొటనవేలు మెల్లగా అటూ ఇటూ తిరిగింది.

నాగేశ్ ఆ చెయ్యినే చూస్తున్నాడు. ఎత్తదు, పట్టుకోదు, ఇంతేనని అతను లోలోపల లెక్క తేల్చేసుకున్న చెయ్యి అది.

"నా చేతికి రోగమొచ్చింది," అంది కొండవ్వ. "నీ చేతికేమొచ్చిందిరా?"

రుచిత గేటు వదిలి వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది.

"నాయినమ్మ ఆడుతుంది బాపూ," అంది సంహిత. "దవాఖాన్ల ఇచ్చిన రబ్బరు బంతి పిసుకుమంటే ఇసిరికొట్టింది. పిండి పిసికినట్టున్నదన్నది. ఇదైతే ఇటుక పడేలోపల ఏలు కదలాలె. మొదట ఒక్కటి గూడ ఆపకపోతుండె. ఎవ్వలకి చెప్పొద్దని ఒట్టు ఏయించుకున్నది."

"ఎందుకవ్వా?" అన్నాడు నాగేశ్. అడగాల్సిన ప్రశ్న అది కాదని అంటున్నప్పుడే అనిపించింది.

"ఎందుకంటే? ముసల్దానికి ఆటలేందని నవ్వరా? గీ ఇంట్ల గవి ముట్టొద్దని నువ్వే అంటివి. చిన్నపిల్ల తీర్గ దాసుకొని ఆడితిని. సిగ్గు గాదా నాకు?" కొండవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "కండె చుట్టేటప్పుడు నూలు తెగుతదని ఒక తీర్గ భయముంటుండె చూడు, గసొంటి భయం గీ ఆటల ఉన్నది. గా భయానికి ఏళ్లు లేస్తయి."

నాగేశ్ హాల్లోకి నడిచి, అట్టపెట్టెను రెండు చేతులా ఎత్తుకొచ్చాడు. మంచం అంచున పెట్టాడు. ఏం చేస్తున్నాడో పూర్తిగా తెలియకుండానే మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ముట్టవ్వా."

కొండవ్వ పెట్టెను చూసింది. బొమ్మలున్న ఆ అట్ట మీద ఇంకేదో కనపడుతున్నట్టు చూసింది.

"ముట్ట."

"అవ్వా..."

"రమ్య ముట్టింది గద. నా కోడలు చెయ్యి మంచిది గాదా?" అంది. గుమ్మంలో రమ్య తల వంచుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నీ బోణీ కోసం నేర్వలేదురా. నా బువ్వ నేను కలుపుకోవాలనుకున్న. ఒకల చేత తినుడు నాకు పాణం మీదికి ఒస్తుంది. గంతే."

ఆమె నిజం చెబుతోందో, కొడుకు సిగ్గు మీద ఒక గుడ్డ కప్పుతోందో నాగేశ్‌కు తెలియలేదు. తెలుసుకునే హక్కు తనకు లేదనిపించింది. ఇన్ని నెలలూ ప్రతి కొత్త సరుకు రోజూ ఆమె ఈ గోడకు ఆనుకుని, ఆ పక్క గదిలో తన పేరు కాక ఇంకో పేరు పిలవడం వింది. విని, ఒక దగ్గు దగ్గి, దుప్పటి కింద వేళ్లు కదిలించుకుంది. అతను ఒక్క కటువైన మాట అనలేదు. అనకపోవడమే అతను చేసిన పని.

ఫోన్ మళ్లీ మోగింది. గజేందర్. నాగేశ్ గొంతులో ఒక అబద్ధం సిద్ధమైంది. చూసుకోకుండా నేనే సంచిలో వేసుకొచ్చిన. తేలికైన అబద్ధం, ఎవరికీ నష్టం లేనిది. సంహిత తననే చూస్తోంది.

"గజేందర్, పీసు మా ఇంట్లనే ఉన్నది. సంహిత తెచ్చింది. మా అవ్వ ఆడుతుంది." ఆగాడు. "ఇందాక నిన్ను అడిగిన మాట... అడగొద్దుండె. సార్ ముంగట గూడ చెప్త. ఫోన్ సార్‌కియ్యి."

"ఆగన్నా, ఆగు," అన్నాడు గజేందర్. "కొండవ్వ ఆడుతుందా? గా గేమా?" తర్వాత అతను నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వులో ఇంకా కొంచెం నొప్పి ఉంది, నాగేశ్‌కు అది వినపడింది. "స్కోరెంతనో అడుగు అన్నా."

నరహరి సార్‌కు క్షమాపణ చెప్పి, సాయంత్రంలోగా పీసు పంపుతానన్నాడు. ఫోన్ పెట్టేసినా అతను నేల మీంచి లేవలేదు.

"బిడ్డా," అన్నాడు. కుడిచెయ్యిని ఎడమచేత్తో పట్టుకుని కూర్చున్నాడు, అది ఎవరిదో అన్నట్టు.

సంహిత విప్పిన జడను తనే అల్లుకోవడం మొదలుపెట్టింది. రమ్య వచ్చి వెనక కూర్చుని, ఆ పాయలను ఆమె చేతుల్లోంచి తీసుకుంది.

"దొంగతనం అయితే చేసిన," అంది సంహిత చివరికి, ఎవరివైపూ చూడకుండా. "అడిగితె ఇయ్యవని చేసిన."

"ఇయ్యకపోతుంటి," అన్నాడు నాగేశ్ మెల్లగా. "నిజమే."

కొండవ్వ ఎడమచేత్తో ఆ నీలం గేమ్ తీసి కొడుకు ముందుకు చాపింది.

"పంపే ముందు ఒక్క ఆట ఆడు."

"నాకు రాదవ్వా."

"రాదా?" అంది కొండవ్వ. "ఇన్ని అమ్మినవ్. ఒక్కటన్న ఆడలేదా?"

"ఆడలే."

నిజంగానే ఆడలేదు. బోర్డు విప్పాడు, బ్యాటరీ మార్చాడు, తెర మార్చాడు, ఏ బటన్ నొక్కితే ఏది మోగుతుందో గిరాకీకి చూపించాడు. ఓడిపోవడానికి మాత్రం ఎప్పుడూ కూర్చోలేదు. గేమ్ చేతిలోకి తీసుకున్నాడు. ఇటుకలు రాలడం మొదలయ్యాయి. అతని బొటనవేలు ఆలస్యంగా కదిలింది, తప్పు వైపు కదిలింది. ఇటుకలు ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పేరుకున్నాయి. తెర సగం నిండింది. అతనికి చెమట పట్టింది. అవ్వ చెప్పిన భయం ఇదేనేమో.

"తిప్పురా, తిప్పు," అంది కొండవ్వ.

"ఎట్ల తిప్పాలె?"

మంచం మీద రమ్య చేతుల్లోంచి జడ జారింది. సంహిత ముందుకు వంగింది. చెంప మీద నాలుగు వేళ్ల గుర్తు ఇంకా ఉంది, అతని కళ్లకు అంత దగ్గరగా వచ్చింది. ఆమె బొటనవేలు వచ్చి, తండ్రి కుడిచేతి బొటనవేలి మీద ఆనింది.

"ఇటు, బాపూ," అంది. "జల్ది చెయ్యకు. అది పడేదాక చూడు."