మధ్యాహ్నం పలకరింపు

ఉపవాస మాసంలో మొదటి రోజు. తెల్లవారకముందే తిని మళ్ళీ పడుకున్న గారూత్ ఊరు బద్ధకంగా లేచింది. యాంతికి మాత్రం కునుకు పట్టలేదు. బట్టలుతికి ఆరేసి, సాయంత్రం పాయసానికి అరటిపళ్ళు, తాటిబెల్లం ముందేసుకుని కూర్చుంది. ఎదురుగా అత్తగారు కొబ్బరి కోరుతోంది. కొడుకూ కోడలూ ఇద్దరూ ఆవిణ్ణి అమ్మా అన్నట్టు అంబూ అనే పిలుస్తారు.

"బెల్లం కాస్త ఎక్కువే వెయ్యి. వాడికి తీపి తగ్గితే మొహం ముడుచుకుంటాడు" అంది అంబు.

"మీ అబ్బాయి మొహం ముడుచుకోవడానికి తీపే తగ్గాలా ఏంటి అంబూ?" అని నవ్వింది యాంతి.

ఆమె భర్త విల్దాన్ జకార్తాలో కంప్యూటర్ ఉద్యోగి. శుక్రవారం సాయంత్రం వచ్చి ఆదివారం వెళ్ళిపోతాడు. ఆఫీసు పనని రెండు నెలలుగా ఆ రాకా లేదు; ఇవాళ సాయంత్రమే మళ్ళీ రావడం. చుట్టాల్లో మాత్రం అతని పేరు మోగిపోతుంది. ఎవరికి ఏ విసుగుపని ఉన్నా నాలుగు వరసల కోడ్ ముక్క రాసి పంపిస్తాడు. పెళ్ళి ఫొటోలకు తేదీల వారీగా పేర్లు పెట్టడానికి ఒకటి, యాంతి బడిపిల్లల మార్కులు కూడి వరుసలు కట్టడానికి ఒకటి. "ఒకసారి రాసి పడేస్తే మళ్ళీ చెయ్యి పెట్టక్కర్లేదు" అంటాడు మీసం దువ్వుకుంటూ.

యాంతికి అంతకంటే గొప్ప, రోజూ మధ్యాహ్నం తప్పకుండా వచ్చే అతని పలకరింపు. తోటి టీచర్లు కుళ్ళుకునేవాళ్ళు. "ఏం మందు పెట్టావే తల్లీ, మా ఆయన పక్కగదిలో ఉన్నా పలకడు!" అనేవాళ్ళు. ఆ పలకరింపు మీద నమ్మకంతోనే పోయిన వారం ఆమె ఒక పెద్ద మాట రాసింది: ఇక విడిగా ఉండలేను, బడి మానేసి అంబుని తీసుకుని వచ్చేస్తాను, ఏమంటావు అని. నిమిషంలో జవాబు వచ్చింది. "అలాగే నేంగ్. నీ ఇష్టమే నా ఇష్టం." భార్యను అతను ముద్దుగా నేంగ్ అంటాడు, ఆమె అతన్ని కాంగ్ అంటుంది. మర్నాడే ఆమె రాజీనామా ఇచ్చేసింది. మిగతా సంగతులు ఎదురుపడ్డాక మాట్లాడుకోవచ్చులే అనుకుంది.

మసీదులో మధ్యాహ్నం నమాజుకు అజాన్ వినిపించింది. వంటింట్లో ఇద్దరి ఫోన్లూ ఒక్కసారే మోగాయి.

"తిన్నావా నేంగ్? పస్తుండకు. వేడివేడిగా ఏదైనా తిను."

యాంతికి నవ్వాగలేదు. "చూశారా, ఇవాళ ఉపవాసమని కూడా మర్చిపోయాడు మహానుభావుడు! మీకేం రాశాడు?" అంటూ అత్తగారి ఫోన్ అందుకుంది.

"తిన్నావా అంబూ? పస్తుండకు. వేడివేడిగా ఏదైనా తిను."

ఆమె నవ్వు అక్కడే ఆగిపోయింది. ఏదో అనుమానం తొలిచింది. "ఇవాళ ఉపవాసం కదా కాంగ్?" అని రాసింది. నిమిషంలో జవాబు వచ్చింది. "అలాగే నేంగ్. నీ ఇష్టమే నా ఇష్టం."

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టుంది ఆ జవాబు. ఆ మాట పట్టుకునే కదా తను ఎనిమిదేళ్ళ ఉద్యోగం వదులుకుంది! అంబు కోడలి మొహం చూసింది. ఏమీ అడగకుండా కొబ్బరి కోరుకుంటూ కూర్చుంది.

సాయంత్రం విల్దాన్ ఖర్జూరాల పొట్లంతో దిగాడు. ఉపవాసంలో ఉన్నవాడితో గొడవెందుకని యాంతి ఊరుకుంది. ముగ్గురూ ఖర్జూరం నోట్లో వేసుకుని, పాయసం తాగి, నమాజు చేసుకున్నాక అడిగింది.

"పోయిన వారం నేను నిన్నేం అడిగానో చెప్పు కాంగ్."

"ఏం అడిగావు? బియ్యం సంగతా?"

యాంతి ఫోన్ అతని ముందు పెట్టింది. చదువుతుంటే అతని మొహం పాలిపోయింది.

"ఇది... నేను..."

"నువ్వు కాదులే, తెలుసు. నీ కోడ్ ముక్క."

"మధ్యాహ్నాలు ఊపిరాడదు నేంగ్. పలకరించకపోతే మీరు బాధపడతారని, పలకరింపూ బదులూ దానంతటదే వెళ్ళేలా రాసిపెట్టా. మీరు రాసేవి రాత్రి చదువుదామనే అనుకున్నా... ఉపవాస నెలలో ఆగమని ఒక షరతు పెట్టాల్సింది. మర్చిపోయా."

"మర్చిపోయింది షరతొక్కటేనా? నీ మాట నమ్మి నేను ఉద్యోగం మానేశాను!"

"మానేశావా? నన్నడక్కుండానా?" అనేసి, వెంటనే నాలిక్కరుచుకున్నాడు.

"అడిగాను. నువ్వే సరేనన్నావు" అంది యాంతి. కళ్ళనీళ్ళు ఆపుకోవడం ఇక ఆమె వల్ల కాలేదు.

విల్దాన్ దిక్కుతోచక తల్లివైపు తిరిగాడు. "అంబూ, నిజంగా మోసం చెయ్యాలని కాదు. నువ్వైనా చెప్పు."

"నాకెప్పుడో తెలుసురా" అంది అంబు. "వానాకాలంలో వంటింటి కప్పు లేచిపోయిందని రాస్తే, సంతోషం అంబూ, విశ్రాంతి తీసుకో అన్నావు. నెత్తిన గిన్నె పెట్టుకుని విశ్రాంతి తీసుకున్నా."

"మరప్పుడే తిట్టలేకపోయావా?"

"తిడితే అదీ ఆపేస్తావేమోనని భయమేసింది నాయనా. నువ్వు కాకపోతేనేం, నీ పేరు కనబడేది కదా."

ఒకే కప్పు కింద ఉంటూ తనకిది తెలియలేదే అని యాంతికి సిగ్గేసింది. విల్దాన్ భార్యవైపు తిరిగాడు.

"ఇప్పుడు నేనే చెప్తున్నా, విను. నాకు భయంగా ఉంది. అక్కడ నాది ఒక్క ఇరుకు గది. మీ ఇద్దర్నీ ఎలా పెట్టుకోవాలో తెలీదు. బడివాళ్ళు నిన్ను మళ్ళీ తీసుకుంటారేమో రేపు ఇద్దరం వెళ్ళి అడుగుదాం. కానీ నువ్వు వస్తానంటే మాత్రం వచ్చెయ్. ఎలాగో సర్దుకుందాం."

నీ ఇష్టమే నా ఇష్టమన్న తియ్యటి మాటకంటే ఈ భయమే యాంతికి నమ్మదగ్గదిగా తోచింది. "ఆలోచిద్దాంలే. ఈసారి ఇద్దరం కలిసి" అంది ముక్కు తుడుచుకుంటూ.

విల్దాన్ తల్లి ఫోన్ తీసుకుని, ఆవిడ కాళ్ళ దగ్గర చాపమీద కూర్చుని, మొదటినుంచీ చదవసాగాడు.

"కప్పు ఎవరు వేశారంబూ?"

"మీ మావయ్య. మేకు కొట్టమంటే వేలు కొట్టుకున్నాడు."

"మోకాలు నొప్పని రాశావు. ఏ మోకాలు?"

"ఎడమది. ఇప్పుడు నయమేలే."

అతను మరో మాట దగ్గర ఆగిపోయాడు. "అరటాకులో చేప కాల్చాను, తినడానికి వస్తావా అని రాశావు. నేనేమన్నాను?"

"అలాగే అంబూ, అన్నావు."

"అది నేను కాదని నీకు తెలుసు కదా?"

"తెలుసు" అంది అంబు. "తెలిసీ నీ కంచం కూడా పెట్టానురా."

విల్దాన్ ఆవిడ ఒళ్ళో మొహం దాచుకుని బావురుమన్నాడు.