వెన్నుసాక్షి

కళ్ళకు కట్టుకున్న గంత ముడి ఇంకోసారి బిగించి, రంగనాయకి సీటులో వెనక్కి జారి కూర్చుని "కానీ" అంది.

ఎర్రబండి ఒక్క ఉదుటున లంఘించింది. వీపు సీటుకు అతుక్కుపోయింది. పొద్దున తిన్న ఉగ్గాని ఎక్కడుందో కడుపు గట్టిగా గుర్తు చేసింది. ఏళ్ళ తరబడి ఇదే పని చేస్తున్నా ఆ తొలి తోపు ఆమెకు ఇప్పటికీ ముద్దొస్తుంది. గంత చాటున నవ్వుకుంది.

బండి ఆగాక కిందికి దిగి, చెప్పు విడిచి, ఓర్వకల్లు పరీక్ష ట్రాక్ పక్క గట్టునేల మీద అరికాలు ఆనించింది. మట్టి తొక్కాకే మాట చెప్పాలన్నది వెన్నుసాక్షుల ఆనవాయితీ. సీటు మత్తు దిగాలి కదా మరి. అప్పుడు గొంతుపట్టీ మీద వేలుంచి, "గుద్దు" అంది.

"గరుడ. వెన్నుమాట: గుద్దు. కంచెదారికి మాత్రమే అనుమతి," అని ఎర్రబండికి తీర్పు చెప్పింది త్రాసు, దారులు పంచే సర్కారు యంత్రం. దేశంలో తిరిగే ప్రతి బండీ ఆ గొంతు చెప్పినట్టే నడుచుకుంటుంది.

కొలిచే యంత్రాలన్నింటికీ కంపెనీలు అబద్ధాలు నేర్పిన కాలం ఒకటుండేది. దాంతో విసిగిపోయి చేసిన చట్టం ఒక్క వాక్యంలో తేల్చేసింది: బండి జోరుకు మనిషి వెన్ను చెప్పిందే సాక్ష్యం. కళ్ళు రంగు చూసి మురిసిపోతాయి కాబట్టి వాటికి గంత. మాటలు మూడే: ఒత్తు, నెట్టు, గుద్దు. గుద్దు అనిపించుకున్న బండి రెండు కంచెల మధ్యే పరుగెత్తాలి. ఒత్తు అనిపించుకున్నదానికి మెత్తదారులు తెరుచుకుంటాయి. బడి ముందూ, ఆసుపత్రి ముందూ, రైతుబజారు ముందూ జనం ఏ అడ్డూ లేకుండా దాటే దారులవి.

రెండో బండి పేరు సౌధ. ముత్యపు రంగు, నలుగురు కాళ్ళు చాపుకుని కూర్చునేంత వైశాల్యం. దాన్ని తెచ్చిన కంపెనీ మనిషి చక్రపాణి తలుపు తానే తెరిచి, ఆమె చేతికి కాఫీ కప్పు అందించాడు.

"తాగుతూ కూర్చోండి మేడమ్."

రంగనాయకి గంత కట్టుకుని కూర్చుంది. సీటు ఆమెను ఒళ్ళోకి తీసుకున్నట్టు నెమ్మదిగా వంగింది. ఎక్కడా చిన్న కుదుపు లేదు, చప్పుడు లేదు. కాస్త ఓపిక పట్టి, "ఇంకెప్పుడు కదుల్తుంది సార్?" అని అడిగింది.

పక్క సీటులోంచి చక్రపాణి హాయిగా నవ్వాడు. "వెళ్ళి ఆగింది కూడా."

కాఫీ చుక్క ఒలకలేదు. ఇంత మంచి ఒత్తు ఆమె తన జీవితంలో ఎరగదు. ఆ మాట నాలుక చివరే ఉంది. కిందికి దిగి, గంత విప్పి, కాలు నేలకు ఆనించబోతూ ఆగిపోయింది.

బండి ముందున్న వెండి జాలీలో ఒక గోరింక ఇరుక్కుని ఉంది. పసుపు కాలు ఒకటి ఇంకా కొట్టుకుంటోంది.

ఈ ట్రాక్ మీది గోరింకలు మహా గడుసువి. పురుగులేరుకుంటూ చివరిదాకా కూర్చుని, ఎర్రబండి లాంటివి ఉరుముతూ మీదికొచ్చే లోపు తాపీగా లేచిపోతాయి. వాటిలో ఒక్కటి బండికి తగలడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"బాషా, పిట్టలు లేవలేదా?" అని టవర్‌లోంచి బండ్లను వదిలే మహబూబ్ బాషాను అడిగింది.

"లేసేలోపే మీదికొచ్చెనక్కా. సద్దు ల్యా, పాడు ల్యా. నా కంటికైతే ఎర్రదానికన్నా ఇదే జోరుగా పోయినట్టుండాది. నా కంటి మాట ఎవురికి కావాల్లే!"

"ఒక్క పిట్ట మేడమ్," అన్నాడు చక్రపాణి. "మీ వెన్ను ఏమందో అది చెప్పండి, చాలు."

"నా వెన్ను నిద్రపోయింది సార్. మీరే జోకొట్టినారు."

"విలాసమంటే అదే కదా!"

రంగనాయకి మళ్ళీ జాలీ వైపు చూసింది. బాషా కూతురు నస్రీన్ నంద్యాలలో రోజూ మెత్తదారి దాటి బడికి పోతుంది. తను ఇప్పుడు ఒత్తు అంటే ఆ దారిలోకి రేపే సౌధ వస్తుంది. లోపల కూర్చున్నవాళ్ళ కాఫీ ఒలకదు. దారి దాటే పిల్లకు మాత్రం ఆ గోరింకకు దొరికినంత సమయమే దొరుకుతుంది.

"బాషా, రెండింటినీ పక్కపక్కనే వదులు."

"నువ్వు దేంట్లో కూర్చుంటావక్కా?"

"దేంట్లోనూ కూర్చోను."

ట్రాక్ చివరిదాకా నడిచి, అంచున గీసిన తెల్లగీతకు ఇవతల నిలబడింది. చక్రపాణి వెనకే పరుగెత్తుకొచ్చాడు. "ఇది పద్ధతి కాదు. సాక్షుల మండలికి ఒక్క మాట చెప్పానంటే రేపట్నుంచి మీకు సీటు ఉండదు."

అది ఉత్త బెదిరింపు కాదని ఆమెకు తెలుసు. ఈ పనంటే ఆమెకు ప్రాణం. అయినా గంత కట్టుకుని, బండ్లు వచ్చే వైపుకు వీపు తిప్పింది. "దూరంగా జరగండి సార్. వదులు బాషా!"

దూరంగా ఎర్రబండి ఉరిమింది. ఆమె ఆ ఉరుము కోసం కాళ్ళు బిగబట్టింది. అది ఇంకా దూరాన ఉండగానే, ఏ చప్పుడూ లేని విసురుగాలి ఆమె వీపును అరచేత్తో చరిచినట్టు కొట్టి పోయింది. రంగనాయకి ముందుకు తూలి మోకాళ్ళ మీద పడింది. ఎర్రబండి ఆ తర్వాత వచ్చింది.

భయపడింది, నిజంగానే భయపడింది. లేచి, చెప్పు విడిచి, మట్టి తొక్కింది.

"సౌధ. గుద్దు."

"సాక్షి సీటులో లేరు," అంది త్రాసు.

"సీటులోనే ఉండాలని చట్టంలో ఉందా? చదువు."

త్రాసు ఆ వాక్యాన్ని మళ్ళీ చదువుకుంది. "సీటు ప్రస్తావన లేదు. వెన్నుమాట: గుద్దు. సౌధకు కంచెదారి మాత్రమే." ఆ వెంటనే తనంతట తానే అడిగింది: "ఒత్తు పొందిన బండ్లన్నిటికీ ఉన్నది సీటు సాక్ష్యమే. బయటి వెన్ను ఏమంటుంది?"



"అక్కా!" టవర్‌లోంచి బాషా కేకేశాడు. "నంద్యాల, కర్నూలు, కడప... మెత్తదారుల్లో బండ్లన్నీ మనిషి నడక మాదిరి పోతాండాయి! బయటి వెన్ను మాట వచ్చేదాకా త్రాసు అట్లే పెట్టేట్టుండాది!"

చక్రపాణి జేబులో ఫోను ఆగకుండా మోగుతోంది. అతని మొహంలో నెత్తుటి చుక్క లేదు. "ఏం చేశారో అర్థమవుతోందా? ఆ ఒత్తుల్లో మీరు చెప్పినవే ఎన్ని ఉన్నాయో తెలుసా?"

ఆ మాట వీపు మీది దెబ్బకన్నా గట్టిగా తగిలింది.

"తెలుసు సార్. ముందు వాటినే ఈ ట్రాక్ మీదికి పంపించమనండి."

జారిన గంతను సర్దుకుని, తెల్లగీత దగ్గర మళ్ళీ వీపు తిప్పి నిలబడింది.