ఉప్పు చూసే హక్కు

ఆ ఇంట్లో వండినవాళ్ళు ఉప్పు చూడకూడదు. పెద్దకోడలు వండాలి, చిన్నకోడలు రుచి చూసి ఉప్పు చెప్పాలి, అత్తగారు వడ్డించాలి. ఎవరి వంట వాళ్ళకెప్పుడూ బాగానే ఉంటుందని అత్తగారి వాదన. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ, ఈ ఏర్పాటు పుణ్యమా అని ఆ వంటింట్లో ఏళ్ళ తరబడి మూడు ఇమిడాయి.

ఆ రోజు పొద్దున పెద్దకోడలు కూర దించి, ఉప్పు తనే చూసుకుంది.

"అదేమిటే?" అంది అత్తగారు.

"నా కూరకి వంకలు పెట్టడానికి ఆవిడెవరు అత్తయ్యా? రేపట్నుంచి నా పొయ్యి వేరు."

హాల్లో అన్నదమ్ములిద్దరూ చెరో పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. గొడవంతా ఆ పేపర్లోనే ఉంది. పెద్దకోడలు శాసనసభ్యురాలు. ఆసుపత్రి దారిలో అంబులెన్సులు ఇరుక్కుపోతున్నాయని, రోడ్డు మీదికొచ్చిన కొట్లను అధికారులు అప్పటికప్పుడు తీసేయొచ్చని కాళ్ళరిగేలా తిరిగి ఒక చట్టం తెచ్చింది. కొట్లవాళ్ళు కోర్టుకెళ్ళారు. వాళ్ళ మాట వినకుండా తీసేయడం చెల్లదని కోర్టు నిన్న దాన్ని కొట్టేసింది. చిన్నకోడలు ఆ కోర్టులోనే జడ్జి.

తీర్పు ఆమెది కాదు. కేసు తన దగ్గరికి రాగానే, ఇది నేను వినను, వేరేవాళ్ళకి ఇవ్వండని తప్పుకుంది. అలా తప్పుకుని మంచిపేరు తెచ్చుకుందనే పెద్దకోడలి మంట. తను ఇంటింటికీ దండాలు పెట్టి ఓట్లడగాలి. ఆ నల్లకోటు ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. లోపలికి వస్తే చాలు, అందరూ లేచి నిలబడతారు. అసూయే, ఇంకేం కాదు.

కోర్టుకి తయారవుతున్న చిన్నకోడలు దువ్వెన చేత్తోనే వచ్చింది. "వేరు పొయ్యి దేనికక్కా?"

"నువ్వు వినుంటే నా చట్టం నిలిచేది. నలుగురూ వేలెత్తి చూపిస్తారని తప్పించుకున్నావు. నీ మంచిపేరు నీకు ముఖ్యం!"

"నేను విన్నా పడిపోయేదేమో."

"విన్నారా అత్తయ్యా! నేను పచ్చగా ఉంటే ఓర్వలేదు."

"అవును, ఓర్వలేను" అంది చిన్నకోడలు.

హాల్లో పేపర్లు కూడా కదలడం మానేశాయి.

"పెళ్ళికెళ్తే నీ చుట్టూ జనం. నేను పక్కన నీ సంచీ పట్టుకుని నిలబడతాను. నా పిల్లలు కూడా బళ్ళో పెద్దమ్మ గొప్పలే చెప్పుకుంటారు. ఆ కాగితాలు నా బల్ల మీదికొస్తే, మొదటి పేజీ తిప్పకముందే నాకు తప్పులు కనిపించాయి. కొట్టేయాలనిపించింది. అది న్యాయమో, కడుపుమంటో నాకే తెలీలేదు. అందుకే తప్పుకున్నాను. నీ మీద ప్రేమతో మాత్రం కాదక్కా." దువ్వెన పట్టుకున్న చేత్తోనే కళ్ళు తుడుచుకుంది.

పెద్దకోడలు పీట లాక్కుని కూర్చుంది. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో కుళ్ళుకునేది తనొక్కతే అనుకుంది. తనలో కుళ్ళుందని తెలిసి, ఈ చట్టాన్ని ఆ కుళ్ళు చేతికి చిక్కనివ్వని మనిషి ఎదురుగా నిలబడి ఏడుస్తోంది.

"నీకా? నా మీదా? ఆ నల్లకోటు ఇస్త్రీకి వెళ్ళిన ప్రతిసారీ నేను ఏడ్చి చచ్చేదాన్నే!" అని తనూ కొంగు కళ్ళకద్దుకుంది.

"బాగుంది వరస. నచ్చినవాళ్ళకి ఓ గరిటె ఎక్కువేద్దామంటే మీరిద్దరూ నా చేతినే చూస్తుంటారు. నేనెవరి మీద ఏడవను?" అంది అత్తగారు.

ముగ్గురూ నవ్వేశారు. కాసేపటికి పెద్దకోడలు మెల్లగా అడిగింది. "కొట్లవాళ్ళకి ముందే చెప్పి, వాళ్ళ మాట విని తీస్తే చట్టం నిలుస్తుందంటావా?"

"అది నన్నడక్కు. రాయడం నీ పని."

"మరి ఇది?" అంటూ పెద్దకోడలు గరిటెతో కాస్త కూర ఆమె అరచేతిలో వేసింది.

చిన్నకోడలు రుచి చూసి, ఒక్క క్షణం తటపటాయించింది. "ఉప్పెక్కువైందక్కా."

తనే చూసుకుని వేసిన ఉప్పు అది. పెద్దకోడలు గ్లాసుడు నీళ్ళు పోసి, కూరను మళ్ళీ అదే పొయ్యి మీద పెట్టింది.