అర మాత్ర

మంగళవారం ఉదయం ఎనిమిదింటికి వంటింటి అరమీదున్న డబ్బా, "రెండు మాత్రలు వేసుకోండి" అంది. రిటైరైన గూఢచారి వేసుకున్నాడు. ఆదివారం నుంచి అలాగే రెండేసి వేసుకుంటున్నాడు. పదకొండింటికి కుర్చీలోనే ప్రాణం పోయింది. పేపరు ఒళ్లో తెరిచినట్టే ఉంది.

ఆయన వేసుకోవలసింది అర మాత్ర.

నలభై ఏళ్ల సర్వీసులో ఆయన ఎవరి మాటా నమ్మలేదు. ఆ డబ్బా మాట నమ్మాడు. దానికి కారణం ఉంది. గుండె లయ తప్పుతోందని కిందటేడు డాక్టరు కంటే ముందు కనిపెట్టింది అదే. ముంజేతి పట్టీలోంచి నాడి చూసి, అంబులెన్సును పిలిచిందీ అదే. చూపు మందగించిన ఆయన భార్యకు మందు చీటీలు చదివి పెట్టేది. స్టవ్ మీద పాలు మరిచిపోతే కేకేసేది. రోజంతా ఏదో ఒకటి సణుగుతుందని ఆవిడ దానికి పిన్ని అని పేరు పెట్టింది. ఇంట్లో ముగ్గురం, ఒకరికి ఆకలి వెయ్యదు అని వచ్చినవాళ్లతో అనేది.

తమ్ముడు వచ్చాడు. అతనిదీ అదే డిపార్ట్‌మెంట్. లిఫ్ట్ మెకానిక్ వేషంలో తిరుగుతాడు కాబట్టి అందరూ పానా అంటారు. అన్న కాళ్ల దగ్గర కాసేపు నిలబడ్డాడు. సంగతి విన్నాడు. సంచిలోంచి పెద్ద పానా తీసి డబ్బా మీదికి ఎత్తాడు.

వదిన చెయ్యి పట్టుకుంది.

"దాన్నెందుకు కొడతావు? దానికి ఆ మాట నేర్పినవాడు వేరే ఉన్నాడు. వాణ్ణి పట్టుకురా. ప్రాణంతో తీసుకురా మరిదీ. వాడి మొహం నేను చూడాలి."

ఆవిడ కళ్లలో తడి లేదు. పానా దించేశాడు. సరే వదినా అన్నాడు.

డిపార్ట్‌మెంట్ పెద్దాయన గదిలో బ్రీఫింగ్ పది నిమిషాలు పట్టింది. ల్యాబ్ వాళ్లు పిన్ని మెమొరీ అంతా తిరగేశారు. మోతాదు మార్చమని శనివారం మధ్యాహ్నం డాక్టరు పాస్‌వర్డ్‌తో ఆర్డరొచ్చింది. పిన్ని వెంటనే ఒప్పుకోలేదు. ఇది చాలా ఎక్కువ, నిజంగానే మార్చాలా అని అడిగింది. అవునని జవాబొచ్చింది. మళ్లీ అడిగింది. మళ్లీ అవును. మూడోసారీ అడిగింది. మూడోసారీ అవునన్నాక డాక్టరు మాట తీసెయ్యడానికి దానికి అధికారం లేదు. దాని తయారీ అంతే. డాక్టరేమో ఆ టైములో ఆపరేషన్ థియేటర్లో కత్తి పట్టుకుని ఉన్నాడు. ఆయన పాస్‌వర్డ్ ఎవరో కొట్టేశారు.

కొట్టేసింది కంపౌండర్ ముఠా. విదేశీ ముఠా. చావును మందులా కలిపి ఇస్తాడు కాబట్టి దాని నాయకుడికి ఆ పేరు. అతని ఫోటో ఏ ఫైల్లోనూ లేదు.

"మీ అన్న మీద వాళ్లు రిహార్సల్ చేశారు" అన్నాడు పెద్దాయన. "అసలు ఆట గురువారం పదకొండింటికి."

అలాంటి డబ్బాలు నలభై వేల ఇళ్లలో ఉన్నాయి. అన్నిటికీ ఆర్డర్లు వెళ్లేది పెద్దాసుపత్రి ఆరో అంతస్తు కంప్యూటర్ గదిలోంచే. కంపౌండర్ స్వయంగా అక్కడికి వస్తున్నాడు. ఈ కబురు పంపింది ముఠాలో ఉన్న మన మనిషి. చెవులకు ముత్యాలు పెట్టుకుంటుంది కాబట్టి ఆవిణ్ణి ముత్యం అంటారు. అందగత్తె. గదిలోకి వస్తే మగవాళ్లు మాట మరిచిపోతారని పేరు. ఆ కంప్యూటర్ గది తలుపు డిపార్ట్‌మెంట్ కార్డుకు తప్ప తెరుచుకోదు. పానా కార్డు తీసుకుని ముత్యంతో కలిసి వెళ్లాలి. లోపల కాపు కాయాలి.

"మనకు వాడు ప్రాణంతో కావాలి."

"మా వదినక్కూడా అంతే" అన్నాడు పానా.

ల్యాబ్ వాళ్లు పిన్నిని విప్పి, చిన్నగా కట్టి, పనిముట్ల సంచి అడుగున పెట్టారు. చెవిలో గింజంత స్పీకరు, చేతికి అన్న పట్టీ. ఒక స్టీలు చెంచా కూడా ఇచ్చారు. దేంట్లో ముంచితే అందులో ఏముందో పిన్నికి తెలుస్తుంది.

ఆ డిపార్ట్‌మెంట్‌లో ఒక పాత అలవాటు ఉంది. ప్రతి ఏజెంటు హెల్త్ ఫైల్లోనూ ఒక దొంగ జబ్బు రాసిపెడతారు. ఫైలు శత్రువు చేతిలో పడితే ఆ జబ్బే వాణ్ణి పట్టిస్తుంది. పానా ఫైల్లో పెన్సిలిన్ పడదని ఉంది. అన్న ఫైల్లో వేరుశెనగ పడదని ఉండేది. నెల కిందట డబ్బా సర్వీసింగుకని ఒకావిడ వచ్చింది. పిన్నిని ఆపేసి ఏదో చూసింది. పోతూ పోతూ అన్నకు బిస్కెట్లు ఇచ్చింది. వేరుశెనగ పిండి బిస్కెట్లు. అన్న ప్యాకెట్టంతా తినేసి, తమ్ముడికి ఫోను చేసి నవ్వాడు. ఎవరో నా ఫైలు చదివార్రా అన్నాడు. పానా అప్పుడు పనిలో ఉన్నాడు. సరే సరే అని పెట్టేశాడు.

ఇప్పుడా 'సరే సరే' చెవుల్లోంచి పోవడం లేదు.

వచ్చినావిడ మొహం వదినకు ఆనలేదు. సెంటు వాసన మాత్రం గుర్తుందంది.

గురువారం పదిన్నరకు ఆసుపత్రి లిఫ్ట్‌లో ఒక స్త్రీ ఎక్కింది. చెవులకు ముత్యాలున్నాయి.

"ఈ లిఫ్ట్ ఆరో అంతస్తులో ఆగుతుందా?"

"ఆగదు. మధ్యలో కాసేపు ఆలోచించుకుంటుంది."

కోడ్ సరిపోయింది. లిఫ్ట్ నిండా సెంటు వాసన. సెంటు ఊళ్లో సగం మంది పూసుకుంటారు అనుకున్నాడు పానా. అయినా జేబులో చెంచా ఉందో లేదో తడుముకున్నాడు.

"మీ నాడి నూటపది. కూర్చోండి" అంది చెవిలో పిన్ని.

కార్డు పెడితే గది తలుపు తెరుచుకుంది. లోపల చలి. బల్ల మీద ఒక తెర, కీబోర్డు, గోడకు గడియారం. ఆమె ఆ తలుపు పూర్తిగా మూసుకోకుండా హ్యాండ్‌బ్యాగ్ అడ్డం పెట్టింది. ఫ్లాస్కు తీసి టీ పోసింది. మీ అన్నగారి సంగతి విన్నాను, చాలా బాధేసింది అంది. పానా చక్కెర కలుపుకునే నెపంతో చెంచా ముంచాడు.

"టీలో పెన్సిలిన్ ఉంది" అంది పిన్ని. "మీ ఫైలు ప్రకారం మీకు పడదు. కానీ పోయినేడు గొంతు నొప్పికి మీ వదిన నా ఎదురుగానే మీకు ఇదే వేసింది. ఏమీ కాలేదు."

పానా టీ మొత్తం తాగేశాడు. కప్పు పెట్టాడు. మెడ గోక్కున్నాడు. కాలరు పీక్కుని, గుర్రుమని శబ్దం చేసి, సంచి పక్కనే పడ్డాడు.

"మీ నాడి డెబ్బై రెండు. పడుకోవలసినంత ఏమీ లేదు" అంది పిన్ని.

ముత్యం చెప్పు కొనతో అతని డొక్కలో పొడిచింది. అతను కదల్లేదు. ఆమె తలుపు దగ్గరికెళ్లి రండి అంది. పక్క గదిలోంచి ఒక పొట్టి మనిషి వచ్చాడు. మంచి సూటు, బట్టతల, మెట్లెక్కిన ఆయాసం. ఒక చెయ్యి గుండె మీదే ఉంది. మన భాషే మాట్లాడాడు, ఎవరో అద్దెకిచ్చినట్టు.

"అన్నకు రెండు మాత్రలు. తమ్ముడికి ఒక టీ" అన్నాడు. "ఈ కుటుంబానికి ఖర్చు తక్కువ."

నేలమీద పానా పళ్లు బిగించాడు. ఇంకా కాదు అనుకున్నాడు. వాడు తలుపుకి దగ్గరగా ఉన్నాడు, ఇంకో రెండడుగులు లోపలికి రావాలి.

పదకొండుకు నిమిషం. ముత్యం పాస్‌వర్డ్ కొట్టింది. నలభై వేల ఇళ్లకు ఆర్డరు సిద్ధమైంది. తెర మీద అక్షరాలు వచ్చాయి. ఈ మోతాదులు ప్రమాదం, నిజంగా పంపాలా? ఆమె అవును నొక్కింది. మళ్లీ అడిగింది. అవును. కంపౌండర్ చూడ్డానికి బల్ల దగ్గరికి వచ్చాడు. మూడోసారి అడిగింది.

ఆమె వేలు దిగేలోపు పెద్ద పానా వచ్చి కీబోర్డు మీద పడింది. మీటలు పళ్లు రాలినట్టు రాలాయి. గడియారంలో పదకొండుకు ఒక్క సెకను. ముత్యం జడముడిలోంచి చిన్న పిస్తోలు తీసింది. పానా ఫ్లాస్కు విసిరాడు. వేడి టీ చేతిమీద పడి పిస్తోలు జారింది. ఆమె మణికట్టును బల్ల కాలికి బేడీతో తగిలించాడు.

"ఆ బిస్కెట్లు బాగున్నాయని చెప్పమన్నాడు మా అన్న" అన్నాడు.

కంపౌండర్ అప్పటికే లిఫ్ట్‌లో దూరాడు. పానా తొందరపడలేదు. లిఫ్ట్ పక్కనున్న పెట్టె తెరిచి ఒక తీగ పీకాడు. లిఫ్ట్ రెండడుగులు దిగి, ఆలోచనలో పడింది. చేతిలోని పానాతో తలుపులు విడదీసి లోపలికి దూకాడు. మెడ పట్టుకుందామని చేతులు చాచాడు.

పట్టుకోవడానికేమీ లేదు. కంపౌండర్ గుండె పట్టుకుని కూలిపోయి ఉన్నాడు. పెదాలు నీలం. ఊపిరి లేదు. చేతికున్న అన్న పట్టీ అతని మెడకు తగిలింది, పిన్నికి నాడి అందలేదు.

పిన్ని గొంతులో తేడా లేదు. వార్డుకు కబురు పెట్టాను, మనుషులు రావడానికి నాలుగు నిమిషాలు పడుతుంది, ఛాతీ మధ్యలో గట్టిగా నొక్కండి అంది. పానా అన్న మొహం గుర్తుచేసుకున్నాడు. ఒళ్లో తెరిచున్న పేపరు. చేతులు కదల్లేదు.

"మొదలుపెట్టారా?" అంది పిన్ని.

పానా ఒకడుగు వెనక్కి వేశాడు.

"మొదలుపెట్టారా?"

పానా గోడ వైపు చూశాడు. నాలుగు నిమిషాలు ఊరుకుంటే చాలు. ఎవరూ అడగరు.

"మొదలుపెట్టారా?"

మూడోసారి. అన్న విషయంలోనూ ఇది మూడుసార్లే అడిగింది. అవతలివాడు మూడుసార్లూ అబద్ధం చెప్పాడు. పానా మోకాళ్ల మీద కూర్చున్నాడు. నొక్కాడు. పిన్ని లెక్కపెట్టింది. డాక్టర్లు వచ్చేదాకా నొక్కుతూనే ఉన్నాడు. నొక్కిన ప్రతిసారీ ఒక బూతు తిట్టాడు. పిన్ని వాటిని లెక్కలోకి తీసుకోలేదు.

కంపౌండర్ బతికాడు. జైలు ఆసుపత్రి కిటికీలోంచి వదిన అతని మొహం దగ్గరగా, చాలాసేపు చూసింది. ఇతను రోజూ ఏం మందు వేసుకోవాలి అని డాక్టర్ని అడిగింది. గుండె మాత్రే, మీవారు వేసుకున్నదే, రోజుకి సగం అన్నాడు డాక్టరు. ఎక్కువైతే పోతాడు, మానేసినా పోతాడట.

ఆవిడ పెద్దాయన దగ్గరికి వెళ్లి ఒక్కటే అడిగింది.

"మా పిన్నిని ఇతని గదిలో పెట్టండి."

పెట్టారు. రోజూ ఉదయం ఎనిమిదింటికి గోడమీది డబ్బా, అర మాత్ర వేసుకోండి అంటుంది. కంపౌండర్ అరచేతిలో ఆ సగం ముక్క పెట్టుకుని కూర్చుంటాడు. చెమటలు పడతాయి. నిజమేనా అని అడుగుతాడు. నిజమే అంటుంది. మళ్లీ అడుగుతాడు. ముచ్చటగా మూడోసారీ అడుగుతాడు. తొమ్మిదింటికి ఏడుస్తూ మింగుతాడు.

పిన్ని ఇంతవరకు అతనికి ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు.