పక్కన పెట్టిన చీరలు

"ఇది మెరూనా?"

మనోజ్‌కుమార్ కవర్లోంచి చీర తీసి బల్ల మీద పరిచాడు. గొడుగు మాత్రం మూయలేదు. దాని నీళ్లన్నీ తిన్నగా కొత్త చీరల దొంతర మీద కారుతున్నాయి.

"ముందు ఆ గొడుగు బయట పెట్టండి," అంది బల్ల వెనకున్న అమ్మాయి.

"ముందు ఇది మెరూనో కాదో చెప్పండి."

"మెరూనే."

"మెరూన్ ఐసా హోతా హై? ఇది ఇటుక రంగు. మా అమ్మ పుట్టినరోజని మీ వెబ్‌సైట్‌లో చూసి, డబ్బులు కట్టి మరీ తెప్పించేను. అమ్మ ఏటందో తెలుసా? దీన్ని కట్టుకుని ఇటుకల బట్టీకెళ్లాలేటిరా అంది."

నవ్వు రావాల్సిన చోటే అది. ఆ అమ్మాయి నవ్వలేదు. చీరను రెండు చేతులా ఎత్తి, గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి, ముసురు వెలుతురులో కాసేపు చూసింది.

"ట్యూబులైటు కింద తీసేను ఫొటో. అందుకే అలగ పడింది," అంది. "తప్పు నాదే. మార్చి ఇస్తాను. ఇప్పుడైనా గొడుగు బయట పెడతారా?"

మనోజ్‌కి సిగ్గేసింది. తగువుకి సిద్ధమై వచ్చినవాడికి అవతలివాళ్లు మొదటి మాటకే ఒప్పేసుకుంటే ఏం చేయాలో తోచదు. గొడుగు బయట పెట్టొచ్చి, తడిసిన చీరల్ని తన చేతిరుమాలుతో అద్దడం మొదలెట్టాడు. ఆ రుమాలు చీరలకన్నా తడిగా ఉంది.

"వదిలెయ్యండి బాబూ, మీకు పుణ్యముంటుంది," అంది ఆ అమ్మాయి. ఈసారి పెదవి కొంచెం కదిలింది.

ఆమె పేరు ఛాయ. కొట్టు భిలాయి క్యాంప్ 2లో, వాళ్లమ్మ రత్నమాల పెట్టింది. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు ప్లాంటు ఉద్యోగాలకొచ్చి స్థిరపడ్డ కుటుంబాల్లో పెళ్లయినా పండగైనా ఆడవాళ్ల నడక ఈ కొట్టు వైపే ఉండేది. పోయిన వానల్లో జ్వరం వచ్చి రత్నమాల పోయింది. ప్లాంటులో రిటైరైన తండ్రి నరసింగరావు ఆనాటి నుంచి కొట్టు మెట్లెక్కలేదు. జనం రావడం తగ్గిపోతుంటే ఛాయ వీడియోలు చూసి నేర్చుకుని, తనే ఒక వెబ్‌సైట్ పెట్టింది. అందులో నెలకి ఒక చీర కదిలితే గొప్ప.

మనోజ్ ఉద్యోగం రాయ్‌పూర్‌లో. ఆన్‌లైన్ షాపుల పేజీలు సరిచేసి, వచ్చినవాళ్లు కొనకుండా వెళ్లిపోకుండా చూడటం అతని పని. ఆ సంగతి కాస్త గొప్పగానే చెప్పాడు.

"అంటే వచ్చినవాళ్లని పోనివ్వకుండా పట్టుకోడమా?"

"అలాగే అనుకోండి."

"మరి మిమ్మల్ని ఎవరు పట్టుకున్నారు? చీర మార్చిచ్చి ఎంతసేపయింది?"

బయట వాన వంక ఉండబట్టి సరిపోయింది.

ఆ తర్వాతి ఆదివారం మనోజ్ తనంతట తనే వచ్చాడు. వాళ్లమ్మకి మెరూన్ చీర నచ్చిందని చెప్పడానికట. ఫోన్లో చెప్పొచ్చు ఆ మాట. చెప్పలేదు. మధ్యలో కుమ్హారి ఊరు దాటి రోజూ రాయ్‌పూర్ వెళ్లొచ్చేవాడికి ఆదివారం ఇంట్లో పడుకోవాలని ఉండాలి. అదీ లేదు.

వారం వారం అలా పని సాగింది. కొట్టు మెట్ల మీద, పగటి వెలుతురులో, ప్రతి చీరకీ మళ్లీ ఫొటోలు తీశారు. అంచు దగ్గరగా ఒకటి, కొంగు పరిచి ఒకటి, భుజం మీద వేసుకుని ఒకటి. ఆ భుజం ఛాయది.

"ఫోకస్ చీర మీద పెట్టు," అంది ఒకరోజు. మీరు అనడం ఎప్పుడో మానేసింది.

"చీర మీదే ఉంది."

"మరి ప్రతి ఫొటోలోనూ నా చెవి ఎందుకు పడతంది?"

"యార్, చెవి అడ్డొస్తోంది. నేనేం చెయ్యను?"

"తెలుగులో అబద్ధాలు బాగానే వస్తున్నాయి నీకు. చదవడమే రాదు."

నిజమే. భిలాయిలో పుట్టి పెరిగిన మనోజ్‌కి తెలుగక్షరాలు కూడబలుక్కుంటే తప్ప రావు. చీరల పేర్లు తెలుగులో ఉండాలని ఛాయ పట్టుబట్టి తనే టైపు చేసింది. అతను పేజీని తేలిక చేశాడు. కొనేవాళ్లు పేరూ ఫోన్ నంబరూ ఇస్తే చాలు, చీర కార్టులో పడుతుంది. ఆ తర్వాత డబ్బు కట్టే పేజీ. ఎవరైనా సగంలో ఆగిపోతే, మీ చీర మీ కోసం ఎదురుచూస్తోందని ఇంగ్లీషులో ఒక మెసేజీ దానంతటదే వెళుతుంది.

పని అయిపోవచ్చిన రోజున ఛాయ అసలు సంగతి చెప్పింది. చెబుతున్నంతసేపూ చీర మడతలే చూసుకుంది.

"నాన్న దసరా వరకే చూద్దాం అన్నాడు. ప్లాంటు క్వార్టరెలాగూ ఖాళీ చెయ్యాలి. కొట్టు నడవకపోతే విజయనగరం ఎల్లిపోతాం. బాబాయి ఇల్లు చూసేడు."

"నీకు వెళ్లాలనుందా?"

"ఇక్కడ అమ్మ కొట్టుంది. అక్కడేటుంది?"

నేనిక్కడున్నాను కదా అనాలనిపించింది మనోజ్‌కి. అనలేదు. వెళ్లిపోయే మనిషి కాళ్లకి అడ్డం పడినట్టు అవుతుందనుకున్నాడు. చీరలు అమ్ముడుపోతే ఆమె ఉంటుంది, ఉంటే అప్పుడు చెప్పొచ్చు అని లెక్కేసుకున్నాడు. తన మనసులో మాటని కూడా ఆ వెబ్‌సైట్ మీదే మోపాడు పిచ్చివాడు.

పేజీకి జనం వచ్చారు. కార్టులు నిండాయి. వినాయక చవితి దాటేసరికి కొట్టులో సగం చీరలు ఎవరో ఒకరి కార్టులో ఉన్నాయి. డబ్బు మాత్రం ఒక్కరూ కట్టలేదు.

అతను డబ్బు కట్టే పేజీ మార్చాడు, బటన్ పెద్దది చేశాడు, తగ్గింపు పెట్టాడు. ఏమీ కదల్లేదు. చివరికి ఒక ఆదివారం కొట్టులో కూర్చుని, ఆఫీసులో చెప్పినట్టే చెప్పేశాడు.

"వస్తున్నారు, చూస్తున్నారు, వెళ్లిపోతున్నారు. మత్‌లబ్... అంటే, చీరలు నచ్చట్లేదేమో."

ఛాయ వీధి వైపు తిరిగింది. వీధిలో నీళ్లు ఎర్రగా పారుతున్నాయి.

"అమ్మ ఎంచినవి నచ్చేవి. నేను ఎంచినవి నచ్చట్లేదు. అంతే కదా?"

కాదు అనడానికి ఒక్క క్షణం చాలు. మనోజ్ ఫోన్‌లో అంకెల వైపు చూస్తూ ఆ క్షణం పోగొట్టుకున్నాడు. ఆమె లేచి లోపలికి వెళ్లింది. తర్వాత రెండు ఆదివారాలు అతను ఆ కొట్టు వైపు వెళ్లలేకపోయాడు.

దసరా దగ్గరపడింది. సెక్టర్ 7లో తమ ఇంట్లో మనోజ్ అన్నం కలుపుతూ కూర్చున్నాడు. ముద్ద నోటి దాకా వెళ్లడం లేదు.

"ఏటిరా అలగున్నావు?" అంది వాళ్లమ్మ వరలక్ష్మమ్మ.

"రత్నమాల గారి కొట్టు మూసేస్తున్నారమ్మా. లారీ కూడా మాటాడేశారట."

"అయ్యో! మరి నా చీరో?"

"నీకు మెరూన్ చీర తెచ్చేను కదా."

"అది కాదురా. నీలం చీర. చవితి ముందే ఫోన్లో పక్కన పెట్టించేను. ఆ పిల్ల ఇదిగో పంపుతాది, అదిగో పంపుతాది అని చూస్తన్నాను."

మనోజ్ చెయ్యి కంచంలో ఆగిపోయింది. "పక్కన పెట్టించడమేంటి? డబ్బులు కట్టలేదు కదా?"

"చీర చూడకుండా డబ్బులేటి? రత్నమాల ఏనాడైనా అడిగిందా? ఇది నాకుంచమ్మా అంటే కాయితంలో చుట్టి పేరు రాసి పెట్టేసేది. నాలుగు రోజులయ్యేక ఆవిడే పట్టుకొచ్చేది. అత్తగారికి చూపించి, వెలుతుర్లో చూసి, నచ్చితేనే డబ్బులిచ్చేవాళ్లం. ఫోన్లో కూడా అలగే కదా? పేరిచ్చేను, నంబరిచ్చేను. చీర నీకోసం ఉందని మెసేజీ కూడా వచ్చింది."

"అమ్మా... నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్పడానికేటుంది? కొట్టు ఆ పిల్లది. తల్లి పోయేక పిల్లకి పొగరొచ్చింది, గడప తొక్కడం మానేసిందని అందరం అనుకుంటన్నాం."

"అందరం అంటే?"

"సెక్టర్ అంతానూ."

ఊళ్లో వాళ్ల ఆన్‌లైన్ షాపులన్నీ బాగుచేసే మనిషి. తను పెట్టిన పేజీ ముందు తన తల్లే అన్ని రోజులు ఎదురుచూస్తూ కూర్చుందని అతనికి తెలియలేదు. చెయ్యి కడిగాడో లేదో కూడా చూసుకోకుండా స్కూటర్ తీశాడు. వరలక్ష్మమ్మ వెనకనుంచి గొడుగురా అని అరుస్తూనే ఉంది.

కొట్టులో ఛాయ చీరలు మూటలు కడుతోంది. అతన్ని చూసి ముఖం తిప్పుకుంది. మనోజ్ ఏమీ చెప్పకుండా ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు. కార్టులో చీరలుంచినవాళ్ల పేర్లు. ఇన్నాళ్లూ అతను అంకెలే చూశాడు. పేర్లు ఆమెకెప్పుడూ చూపించలేదు.

"వీళ్లెవరూ వెళ్లిపోలేదు ఛాయా. నువ్వు పట్టుకెళ్తావని కూర్చున్నారు. మీ అమ్మ పట్టుకెళ్లినట్టు."

ఛాయ ఒక్కొక్క పేరే చదివింది. అందరూ తెలిసినవాళ్లే. ఈమె నీళ్లడిగి మరీ తాగేది, ఈమె బేరమాడందే కదిలేది కాదు, అమ్మ పోయిన రోజు ఈమె రాత్రంతా తన పక్కన కూర్చుంది. చదువుతూ చదువుతూ మూటల మధ్యే కూలబడింది.

"నాకు తెలుసు కదా మనోజ్, అమ్మ అలగ పట్టుకెళ్లేదని. వెబ్‌సైట్ అంటే అలగుండదనుకున్నాను. ఇంతమంది చూస్తూ కూర్చున్నారా?"

"నచ్చట్లేదని నేనన్నాను. నన్ను తిట్టు."

"తర్వాత తిడతాను. మూటలు విప్పు."

ముసుర్లోనే బయల్దేరారు. చీరలు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, ఛాయ ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుంది. మొదటి ఇంట్లో తిట్లు తిన్నారు, టీ తాగారు, చీర అమ్మారు. రెండో ఇంట్లోనూ అంతే. మూడోది పార్వతమ్మగారి ఇల్లు. ఆవిడ తలుపు తీసింది గానీ లోపలికి రమ్మనలేదు.

"ఇప్పుడెందుకమ్మా? నా కూతురి సీమంతానికని ఆ పసుపుపచ్చ చీర ఉంచమన్నాను. సీమంతం అయిపోయింది. ముందురోజు దాకా చూసి, మరో దగ్గర దొరికిందేదో కొన్నాం. మీ అమ్మ ఉంటే ఇలగ జరగదు."

ఆవిడ కోపంగా అన్నా బాగుండేది. బాధపడుతూ అంది. ఛాయ చీర గుండెలకి అదుముకుని మెట్లు దిగింది. స్కూటర్ మీద ఇంటిదాకా ఏడుస్తూనే ఉంది. మనోజ్ వీపు మీద చొక్కా వానకి ముందే తడిసి ఉంది. అయినా ఆ కన్నీళ్లు వేరే వెచ్చగా తగులుతూనే ఉన్నాయి అతనికి.

మర్నాడు మనోజ్ సెలవు పెట్టి కొట్టుకి వచ్చేసరికి లోపల ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. రత్నమాల కూర్చునే చోట కాదు, దాని పక్కన. నరసింగరావు.

"అమ్మాయి అంతా చెప్పింది," అన్నాడు. "ఆ పేర్లు తియ్యి బాబూ. నాకు కనపడేలాగ పెద్ద అక్షరాలు చెయ్యి."

మొదటి నంబరు నొక్కి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"అమ్మా, నేను... రత్నమాల ఇంటాయన్ని. మా కొట్లోంచే మాటాడతన్నాను. మీరు పక్కన పెట్టమన్న చీర భద్రంగా ఉన్నాది. ఎప్పుడు తెమ్మంటారు?"

ఛాయ అల్మరా వైపు తిరిగి నిలబడింది. ఏడాది తర్వాత ఆ గోడల మధ్య అమ్మ పేరు నాన్న నోట వినిపించింది.

ఆ వారం మనోజ్ పేజీలో డబ్బు కట్టమనే బటన్ తీసేశాడు. దాని చోట, ముందు ఇంట్లో చూసుకోండి, నచ్చితేనే డబ్బులు అని తెలుగులో తనే కూడబలుక్కుంటూ రాశాడు. కార్టులో చీర పడగానే నరసింగరావు ఫోన్ మోగేలా చేశాడు. రాయ్‌పూర్ ఆఫీసులో ఇలాంటి పద్ధతి చెబితే నవ్వుతారు. ఇక్కడ మాత్రం చీరలు కదిలాయి. కొన్ని ఇళ్ల తలుపులు ఇంకా తెరుచుకోలేదు. పార్వతమ్మగారు ఫోన్ ఎత్తడం లేదు. ఆ పసుపుపచ్చ చీర అల్మరాలోనే ఉంది.

దసరా ముందురోజు. ముసురు ఇంకా వదల్లేదు. నరసింగరావు ఫోన్లో ఉన్నాడు. మనోజ్ చీరలు కవర్లలో పెడుతున్నాడు.

"లారీ?" అన్నాడు ఛాయ వైపు చూడకుండా.

"నాన్న వద్దని చెప్పేసేడు. క్వార్టర్ ఖాళీ చేసి కొట్టు వెనక గదుల్లోకి వచ్చేస్తాం. చిన్నవి. వానొస్తే కారతాయి."

"అచ్ఛా."

"అచ్ఛా ఏటి? ఇంకేం అడగవా?"

మనోజ్ కవరు కింద పెట్టాడు. "నీకు తెలుసనుకున్నాను."

"తెలుసు."

"మరి?"

"తెలుసు కదా అని సెక్టరంతా కూర్చుంది. ఏమయిందో చూసేవు కదా?" ఛాయ చేతిలో చీర బల్ల మీద పెట్టేసింది. "నువ్వు రెండు వారాలు రాకపోతే నేనూ అలగే కూర్చున్నాను. నేను ఎంచిన చీరలే కాదు, నేను కూడా నచ్చలేదనుకున్నాను. ఇంక నావల్ల కాదు. నోరు తెరిచి చెప్పు."

"నువ్వంటే నాకు ప్రాణం ఛాయా. ఆ రోజు కాదు అనాల్సింది, అనలేదు. లారీ మాటాడారంటే నాకు అన్నం దిగలేదు. ఇదే, ఇంతకన్నా తెలుగు నాకు రాదు."

"ఇది చాల్లే," అంది ఛాయ. కళ్లు తుడుచుకోవడానికి చేతికందిన చీర కొంగు ఎత్తి, అమ్మకం చీర అని గుర్తొచ్చి ఆగిపోయింది. అతను రుమాలు ఇచ్చాడు. ఇవాళ అది పొడిగా ఉంది.

"ష్..." నరసింగరావు ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "అవతల కస్టమరున్నారు. కొంచెం మెల్లగా."

ఇద్దరూ బిగుసుకుపోయారు. అంతా విన్నాడో, ఎంత విన్నాడో తెలియలేదు. ఆయన మళ్లీ ఫోన్ చెవికి ఆనించుకున్నాడు.

"ఏం లేదమ్మా, పిల్లలు మాటాడుకుంటన్నారు... ఆఁ, మా ఛాయే... ఆ అబ్బాయా?"

ఆయన తల తిప్పి మనోజ్‌ని కాసేపు చూశాడు.

"మావాడేనమ్మా. సాయంత్రం మీ చీర పట్టుకొచ్చేది అతనే. వానలో వస్తాడు, లోపల కూర్చోబెట్టి కాస్త టీ ఇయ్యండి."